తిరగవాత లేని కుడుములు

"ఉప్పు చూడొద్దు చిత్రా, చెయ్యి తియ్యి! ఈ కుడుములకి ఉప్పు చూసేది లేదని ఎన్ని మార్లు చెప్పినాను నీకి? చావింటోళ్ళు తిన్న తర్వాతనే మనం నోట్లో వేసుకోవాల. అంతవరకూ ఎక్కువో తక్కువో, మన చేతి మీద నమ్మకమే."

నాలుక దాకా పోయిన వేలిని వెనక్కి తీసుకున్నాను. పొయ్యి మీద నీళ్ళు తెర్లుతా ఉన్నాయి. పాపక్క గుప్పెడు పెసరపప్పు కడిగి అందులో వేసింది, జీలకర్ర అరచేతిలో నలిపి చల్లింది. మూత పెట్టలేదు. పొంగితే పొయ్యి ఆరిపోతుందని భయం. గ్యాస్ వచ్చి ఎన్నేళ్ళయినా కట్టెల పొయ్యి నాటి భయం ఆమెకి పోలేదు.

గోడ అవతలినుంచి పేరు పెట్టి పిలిస్తే, కుడుతున్న రవికె మిషన్ మీదనే వదిలేసి వచ్చినాను. వచ్చేటప్పటికే నూకలు చాటలో చెరిగి పెట్టి ఉన్నాయి. పొద్దున్నే ఈమె నూకలు చెరిగిందంటే ఎవరో పోయినట్టే.

"ఎవరికి పాపక్కా ఇవి?"

ఆమె తలెత్తలేదు. "గురుబరపల్లికి. మా అముద నాయన చెన్నప్ప రాత్రి పోయినాడంట."

"అముద?"

"తెల్లారీ తెల్లారకముందే పోయింది. కంపెనీకని వేసుకున్న చుడీదార్‌తోనే బస్సెక్కింది. ఆ ఇంటినుంచి ఒక ఫోన్ లేదమ్మా. కంపెనీలో దీని పక్క మిషన్ మీద కుట్టే నందిత అనే పిల్ల ఆ పక్కదే, అది మెసేజ్ పెట్టింది. నాయన పోయిన మాట కన్న కూతురికి ఊర్లో పిల్ల చెప్పాల్సొచ్చింది."

నూకల చాట నా ముందుకి తోసింది. "వేయించు. నూనె చుక్క పడకూడదు. ఎర్రగా కానియ్యొద్దు. చెయ్యి పెడితే చురుక్కుమనాల, అంతే."

వేయిస్తానే అడిగినాను. "పంపిస్తే తీసుకుంటారా వాళ్ళు?"

"అదే కదమ్మా నా గుండెల్లో ఉండేది. మన ఇంటినుంచి పోయిన కూడు మారెమ్మ చెయ్యి చాపి తీసుకుందనుకో, మా అముదకి పుట్టినిల్లు ఉన్నట్టు. వద్దనిందనుకో, నాయనతోపాటే ఆ ఇల్లూ పోయినట్టు. మొగుడు పోయినాడు, నాయన పోయినాడు. ఇంక అమ్మ కూడా నువ్వెవరంటే ఆ పిల్ల యాడికి పోయి ఏడవాల?"

మారెమ్మ అంటే చెన్నప్ప భార్య, అముద తల్లి. అముద ఈ ఇంటికి కోడలై వచ్చినప్పటినుంచి ఆ తల్లి ఈ గడప తొక్కలేదు.

మత్తిగిరిలో పశువుల ఫారం గోడకి ఇవతల మా వీధి. నేను బాడుగకి వచ్చినప్పుడు ఈడ నాకెవరూ తెలియదు. కుట్టుపని నాకు ఎవరూ నేర్పలేదు, పాత రవికెలు ఊడదీసి, మళ్ళా అట్లే అతికించి నేర్చుకున్నాను. మనుషులని కూడా అట్లనే, పక్కన కూర్చొని కొంచెం కొంచెంగా తెలుసుకోవాలని నాకు ఆశ. పాపక్కని తెలుసుకునేదానికి ఒకటే దారి, ఆమె వంటింట్లో ఏదో ఒక పని అందుకోవడం. ఊరికే కూర్చుంటే ఆమె మాట్లాడదు. చేతికి చాటో కొబ్బరి చిప్పో ఇచ్చిన తర్వాతనే మాట మొదలవుతుంది.

అట్ల తెలిసిందే ఇదంతా. ఆమె పుట్టింది కెలవరపల్లిలో, గొర్రెలు కాసుకొని బతికే ఇంట్లో. డ్యాం నీళ్ళు నిండినప్పుడు గొర్రెలు తాగే గుంటలు ఎట్ల మునిగిపోయినాయో వాళ్ళమ్మ చెప్పేదంట. మత్తిగిరి అశ్వత్థప్పకి ఇచ్చి చేసినారు. ఆయన ఫారంలో గడ్డి కోసే కూలి. ఈమె కూడా ఆయన వెనకాలే పోయి కొట్టాలు కడిగింది, పేడ ఎత్తింది, దూడలకి పాలు పట్టింది. ఇంటి ముందర ఉండిన గొర్రెల దొడ్డి మెల్లమెల్లగా ఖాళీ అయింది. మేత నేలంతా మూడంతస్తుల బాడుగ ఇండ్లయిపోయినాయి. "ముందు తెల్లారితే గొర్రెలు అరిచేవి, ఇప్పుడు కంపెనీ బస్సులు అరుస్తాయి. రెండూ మందలే లే" అంటుంది.

కుడుములు నేర్చుకున్నది పెండ్లయిన కొత్తల్లో. మామ పోయినాడు. కొత్త కోడలు, ఎవరి ముందర ఏడవాలో ఎంత ఏడవాలో కూడా తెలియదు. ఏమీ తినలేదు. పక్క సందు ముసలామె ఒకామె గుడ్డ కప్పిన గిన్నె తెచ్చి, నోరు తెరవమని గద్దించి ఒక కుడుము పెట్టిందంట.

"అన్నం దిగలేదు చిత్రా. నీళ్ళు దిగలేదు. అది దిగింది. మెత్తగా, వెచ్చగా, కారం లేకుండా. దాంట్లో ఏముందని అడిగినాను. 'ఏమీ లేదు, అందుకే దిగింది' అనింది ఆ అవ్వ. నెల తిరిగినాక ఆమె కాడికే పోయి నేర్చుకుంటిని. ఇడ్లీకి పిండి పులవాల, దోసకి పులవాల. చావు పిండి పులిసేదాకా ఆగదు కదా. దీనికి నూకలూ నీళ్ళూ ఆవిరీ ఉంటే చాలు."

అప్పటినుంచి ఈ వీధిలో ఎవరు పోయినా ఈమె గిన్నె లేస్తుంది. కులం అడగదు, భాష అడగదు. ఆమె గుడ్డ కప్పిన గిన్నె పట్టుకొని బయలుదేరితే చాలు, కొళాయి కాడ ఆడోళ్ళు, "ఎవరక్కా టికెట్టు తీసుకున్నారు?" అని అడుగుతారు. "నీ మొగుడు కాదులే, నిమ్మళంగా నీళ్ళు పట్టుకో" అని ఈమె పోతానే ఉంటుంది.

ఒక మారు మేడ మీద గదిలో ఉండే బీహార్ అబ్బాయికి ఊర్లో నాయన పోయినాడు. రైలుకి టికెట్ దొరకలేదు, పోలేకపోయినాడు. పాపక్క మెట్లెక్కి కుడుములు ఇచ్చి వచ్చింది. భాష లేదు, చేత్తోనే నోరు చూపించి తినమనింది. ఆ సాయంత్రం ఆ అబ్బాయి కిందికి దిగి ఒక ప్లేటు తెచ్చి ఈమె చేతిలో పెట్టినాడు. చూస్తే ఈమె కుడుములే! ముక్కలు కోసి నూనెలో ఎర్రగా వేయించి, ఉల్లిపాయా మిరపకాయా వేసి తెచ్చినాడు.

"ఏమి చేసేదమ్మా! తిరగవాత పడకూడదనే కదా ఆవిరి మీద చేసి ఇచ్చింది. వాడు తీసుకొనిపోయి నూనెలోనే ముంచినాడు. తిట్టాలంటే భాష రాదు. ఆ పిల్లోని కండ్లు చూస్తే ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయినాయి. వాని నాయన కోసం నేను చేసిస్తే, నా కోసం వాడు చేసినాడు. తిన్నాను. బాగానే ఉండె కూడా."

మా వైపు చావింట్లో తిరగవాత వేయరు. నూనె కాగి ఆవాలు చిటపటమనే చప్పుడు వీధిలోకి వినబడితే ఆ ఇంట్లో దుఃఖం తీరిపోయినట్టు లెక్క. కర్మ ముగిసేదాకా ఉడికిందీ ఆవిరి పట్టిందీ తప్ప ఇంకోటి పొయ్యెక్కదు. ఈ మాట అందరికీ తెలిసిందే. పాపక్కవాళ్ళ కులం ఇండ్లలో మాత్రం దీనికి ఇంకొక ముడి ఉంది. మొగుడు పోయిన ఆడమనిషి ఇంట్లో మొదటి తిరగవాత ఆమె పుట్టినింటివాళ్ళే వచ్చి వేయాల. నూనే ఆవాలూ వాళ్ళే తెచ్చుకోవాల. నీకు మేమున్నాము, ఇంక వండుకొని తిను అని నోటితో చెప్పరు. బాణలిలో చప్పుడే ఆ మాట.

నూకలు చేతికి చురుక్కుమన్నాయి. పాపక్క వాటిని తెర్లే నీళ్ళలో పోసి, ఉండ కట్టకుండా కలిపి, కొబ్బరి తురుము వేసి, ఈసారి మూత పెట్టింది. పొయ్యి తగ్గించి గోడకి ఆనుకొని కూర్చునింది.

"మంజు కూడా ఈ మూలనే కూసొనేవాడు. కుడుము ఆవిరి మీద ఉండగానే మూత తీసి చూస్తావా అని వాని చేతి మీద ఎన్ని దెబ్బలు వేసినానో."

మంజు ఆమె ఒక్క కొడుకు. హోసూరు దారిలో బట్టలు కుట్టే కంపెనీలో సరుకు ఎత్తే పని. ఆ కంపెనీలోనే అముద మిషన్ మీద ఉండేది. ఇద్దరూ పెద్దవాళ్ళకి చెప్పకుండా దండలు మార్చుకొని ఒక పొద్దు ఈ వాకిట్లోకి వచ్చి నిలబడినారు. వీళ్ళది గొర్రెలు కాసే ఇల్లు, వాళ్ళది ఇనుము కొట్టే ఇల్లు. చెన్నప్పకి కొలిమి ఉండేది. ఇప్పుడు కొడుకు మాదేశ్ హైవే పక్కన వెల్డింగ్ షాపు పెట్టి గేట్లు చేస్తాడు. కూతురు లేచిపోయిన నాడు చెన్నప్ప కొలిమిలో నీళ్ళు పోసి, "నాకు పుట్టింది ఒకటే కాన్పు, మాదేశ్" అన్నాడంట.

పాపక్క కూడా మొదట్లో ముఖం తిప్పుకునింది. అముద తమిళం కలిపి మాట్లాడితే, "నాకు అర్థం కాలేదు పో" అనేది, అర్థమైనా కూడా. కానీ ఆ పిల్ల ఊరుకోలేదు. "అర్థం కాకపోతే మళ్ళా చెప్తాను, నాకు పనేముంది అత్తా" అని పక్కనే కూర్చునేది. మనవరాలు భూమిక పుట్టేనాటికి అత్తాకోడండ్లు ఒకే కంచంలో తినే కాడికి వచ్చినారు. "కొలిమింటి పిల్లమ్మా ఇది. వేడిగా ఉన్నప్పుడు యట్లయినా వంగుతుంది. చల్లారిందంటే సుత్తితో కొట్టినా వంగదు" అని పాపక్క కొళాయి కాడ కోడలి గురించి గొప్పగా చెప్పుకునేది.

పోయిన వానకాలంలో మంజుకి జ్వరం వచ్చింది. ఊర్లో అందరికీ వచ్చిన జ్వరమే. అందరికీ తగ్గింది, వానికి తగ్గలేదు.

శవం లేచే నాడు నేను కూడా ఉన్నాను. వీధి మలుపులో ఒక బండి ఆగింది. హెల్మెట్ తీయకుండా ఒక మనిషి దాని మీదనే కాలు మోపి నిలబడినాడు. అముద తలెత్తి, "మా అన్న వచ్చినాడు అత్తా" అనింది. ముఖం కనపడకపోయినా బండిని చూసి గుర్తుపట్టింది. అందరూ కదిలినప్పుడు ఆ బండి కూడా కదిలింది, ఇటు కాదు, హోసూరు దిక్కుకి.

కర్మ నాడు అముద తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చింది. బాణలి తోమి పొయ్యి పక్కన పెట్టింది. చుట్టాలకి మజ్జిగ ఇస్తా, మధ్య మధ్యలో వీధి మలుపు చూస్తా ఉండింది. ఎవరూ రాలేదు. సాయంత్రం పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు. పుట్టినింటోళ్ళు రాకపోతే మన ఆడోళ్ళలోనే ఒకరు వేయొచ్చులే, పాపం అంటదులే అని తీర్మానం చేసినారు. కెలవరపల్లినుంచి వచ్చిన పాపక్క చెల్లెలు నూనె పోసి పొయ్యి వెలిగించింది. ఆవాలు చేతిలోకి తీసుకునింది.

తర్వాత జరిగింది పాపక్క నాకు చాలా మార్లు చెప్పింది. ప్రతి మారూ అదే చోట ఆగి, చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, మళ్ళా చెప్పేది. ఈ పొద్దు కూడా చెప్పింది.

"అరవలేదమ్మా ఆ పిల్ల. వచ్చి పొయ్యి ఆపింది. గుడ్డతో బాణలి పట్టుకొని పోయి ఆ కాగిన నూనె పెరట్లో మట్టిలో పోసింది. పోసి నా ముఖం చూసి ఒకే మాట అడిగింది. 'అత్తా, మావాళ్ళు ఇంక రారని నీకు కూడా తెలిసిపోయిందా?' అని. ఏమి చెప్పేది నేను? తెలిసిందని చెప్పేదా, తెలియలేదని చెప్పేదా? 'వస్తారు లేమ్మా' అన్నాను. 'అట్లయితే వచ్చినాకనే వేసుకుందాం' అనింది."

ఆ నాటినుంచి ఈ ఇంట్లో ఆవాలు చిటపటలాడలేదు, ఈ ఇంటినుంచి వేరే చావింటికి గిన్నె కూడా లేవలేదు. అముద కంపెనీకి పోయింది, వచ్చింది. పిల్లని బడికి పంపింది. నాతో నవ్వుతా మాట్లాడింది కూడా. తిరగవాత మాత్రం వద్దు. దాంతో పాపక్కకి ఉన్న విద్యంతా ఆవిరి మీదనే చూపించాల్సి వచ్చింది. సాయంత్రం కోడలు షిఫ్టు దిగి వచ్చే వేళకి ఒక పొద్దు పిడికుడుములు, ఒక పొద్దు కందిపప్పు రుబ్బి చేసిన ఉండలు, ఒక పొద్దు రాగిపిండి కుడుములు. పచ్చిమిరపకాయ కాల్చి నూరిన తొక్కు పక్కన. కోడలు తినేది, బాగుందనేది, సగంలో చెయ్యి కడుక్కునేది. రవికె కొలతలు తీసేది నేనే కదా, ఎంత చిక్కిపోయిందో టేపుకి తెలుసు.

భూమిక మాత్రం మా ఇంట్లో తిరగవాత వాసన వస్తే గోడ పక్కనుంచి పిల్లిలాగా వచ్చేది. చిత్రాన్నం పెడితే తిని, పోయే ముందు సబ్బుతో చెయ్యి కడుక్కొని, "అత్తా, వాసన పోయిందా చూడు" అని నా ముక్కు కాడ పెట్టేది.

ఇదంతా నాకు తెలిసిందే. తెలియంది ఈ పొద్దు జరిగింది.

తెల్లవారుజామున ఎవరో తలుపు కొడితే తీసినాను. అముద. "అక్కా, రొన్ని సాసువులు ఉంటే ఇయ్యి" అనింది. వీళ్ళు ఆవాలని సాసువులంటారు, కొంచెమైతే రొన్ని. నేను డబ్బా తెచ్చి, ఆమె చాచిన చేతిలో వంచినాను. ఆ ఇంటికి ఆవాలు ఎందుకని అడగాలనిపించింది. ఆమె ముఖం చూసి అడగలేదు. కొంచెం సేపటికి గోడ అవతలినుంచి ఆ చప్పుడు, ఆ వాసన. నేను మిషన్ మీద చేతులు పెట్టుకొని అట్లే కూర్చుండిపోయినాను. గురుబరపల్లినుంచి ఎవరో వచ్చినారు, మంచిదే జరిగింది అనుకున్నాను.

"ఎవరూ రాలేదు చిత్రా" అనింది పాపక్క. మూత తీసి నూకలు నొక్కి చూసింది. నీళ్ళు పీల్చుకొని పొడిపొడిగా, మెత్తగా వచ్చినాయి. గిన్నె దించి మా ఇద్దరి మధ్యన పెట్టింది, చేతులు తడుపుకునేదానికి ఒక చెంబు నీళ్ళు.

"అముద మెసేజ్ చూసి నిలబడిపోయింది. ఏడవలేదు. 'అత్తా, మన ఇంటి కుడుములు మా అమ్మకి పోవచ్చునా?' అని అడిగింది. నేను నిజమే చెప్పినాను. పోకూడదమ్మా, మనది ఇంకా మైల తీరని ఇల్లు, తిరగవాత పడని ఇంటినుంచి ఇంకొక చావింటికి కూడు పోదు, ఎవరైనా చెయ్యనీ, కెలవరపల్లిలో మా చెల్లికి చెప్పి పంపిస్తాను అన్నాను. 'ఆమె చేసింది ఆమె ఇంటిది అవుతుంది. నా ఇంటినుంచి పోవాల' అనింది."

పాపక్క ఒక పిడికెడు తీసుకొని నొక్కింది. నాలుగు వేళ్ళ గుర్తులూ పడినాయి. గుడ్డ పరిచిన ఇడ్లీ ప్లేటు మీద పెట్టింది. నేను కూడా మొదలుపెట్టినాను. నా పిడికిలిలోవి చిన్నగా వచ్చినాయి.

"అటక మీదనుంచి బాణలి దించింది. నీ ఇంటికొచ్చి సాసువులు తీసుకునింది. రాత్రి అన్నం మిగిలింది ఉంటే దాంట్లోకి తిరగవాత వేసింది. తన ఇంట్లో, తన చేత్తో. నేను అట్లే చూస్తా ఉన్నాను చిత్రా. ఆపాలని కూడా తోచలేదు. ఇన్నాళ్ళూ ఎవరో వచ్చి వేస్తారని కూసొనిన పిల్ల. వాళ్ళమ్మకి ఒక ముద్ద పంపేదానికని, ఇంక ఎవరూ రావద్దులే అని తానే తీర్చేసుకునింది. సాసువులు అన్నీ చిటపటలాడేదాకా పొయ్యి ముందరే నిలబడింది. ఆపేసి, 'ఇప్పుడు చెయ్యి అత్తా' అని చెప్పి చెప్పులేసుకునింది."

అప్పుడే లోపలినుంచి భూమిక కండ్లు నులుముకుంటా వచ్చింది. ముక్కు ఎగబీల్చి, మూత పెట్టిన అన్నం గిన్నె వైపు చూసింది.

"అవ్వా! మన ఇంట్లో చిత్రాన్నమా?"

"అవును తల్లీ. ముఖం కడుక్కొని రా."

"అమ్మ చేసిందా?"

"అమ్మే చేసింది."

"అట్లయితే చెయ్యి సబ్బుతో కడగొద్దు కదా" అని నా వైపు చూసి పెరట్లోకి పరుగెత్తింది. పాపక్కకి ఆ మాట అర్థం కాలేదు. నాకు అయింది. తల వంచుకొని కుడుము నొక్కినాను.

ప్లేట్లు ఇడ్లీ పాత్రలో దించి మూత పెట్టింది. మూత అంచుల్లోనుంచి సన్నగా ఆవిరి వచ్చింది, ఉడికిన బియ్యం, కొబ్బరి వాసనతో. పాపక్క తడి వేలితో ఒక కుడుముని తాకి చూసింది. అంటలేదు. అయిపోయినట్టే.

"నువ్వే పోకూడదా పాపక్కా?" అని అడిగినాను. "వియ్యంపురాలివి. నీ చేత్తో ఇస్తే..."

"నేను పోతే మంజు తల్లి వచ్చిందంటారమ్మా. ఆ ఇంట్లో మంజు మాట లేస్తుంది, లేచిపోయిన మాట లేస్తుంది, ఎవరో ఒకరు అరుస్తారు. ఈ పొద్దు చెన్నప్పది. ఆయన మంచోడో కాదో, ఆయన చావు నాడు ఆయన గురించే ఏడవాల. నువ్వు పో. మా ఇంట్లో మొదటి తిరగవాతకి సాసువులు ఇచ్చింది నువ్వు. మా లెక్కలో ఈ పొద్దుకి అముదకి పుట్టినింటి మనిషివి నువ్వే. నువ్వు తీసుకొనిపోతే ఎవరూ తప్పు పట్టేదానికి లేదు."

తెలియక ఇచ్చిన పిడికెడు ఆవాలకి ఇంత బరువు ఉంటుందని నేననుకోలేదు. లేచి చేతులు కడుక్కున్నాను.

వేడి ఆరకముందే కుడుములు మూత గిన్నెలో సర్ది, పైన తెల్ల గుడ్డ కప్పి, వైరు బుట్టలో పెట్టింది. గుమ్మం దాకా వచ్చి బుట్ట నా చేతికి ఇచ్చింది. ఇచ్చి కూడా చెయ్యి వదల్లేదు.

"హోసూరు బస్‌స్టాండ్‌లో కృష్ణగిరి బస్సెక్కు. ఎక్స్‌ప్రెస్ ఎక్కొద్దు, వాడు గురుబరపల్లిలో నిలపడు. దిగి వెల్డింగ్ షాపు అని అడుగు, ఎవరైనా చూపిస్తారు. మారెమ్మ చేతికే ఇయ్యి. మాదేశ్ అడ్డం వస్తే వాదనకి దిగొద్దు. అముద ఇంటినుంచి వచ్చినాయని ముందే చెప్పు. దాచిపెట్టి తినిపించిన కూడు మాకొద్దు."

"తీసుకోకపోతే?"

పాపక్క ఫారం గోడ వైపు చూసింది. ఏదో కంపెనీ బస్సు హారన్ కొట్టుకుంటా పోయింది. అది పోయేదాకా ఆగింది.

"తీసుకోకపోతే ఆ గడప కాడ నిలబడొద్దు. అముద యాడుందో చూడు. లోపల ఉంటే లోపల, వాకిట్లో ఉంటే వాకిట్లో, రోడ్డు మీద కూసోబెట్టుంటే రోడ్డు మీదనే. పోయి దాని పక్కన కూసో. రాత్రినుంచి దాని నోట్లో మెతుకు పడలేదు. ఒక కుడుము తీసి దాని చేతిలో పెట్టు, అత్త పంపిందని చెప్పు. అది తినేదాకా నువ్వు లేవొద్దు చిత్రా."